అడిగినా ఇవ్వకూడదు

ప్రభుత్వం మళ్లీ జనం దగ్గరి తుపాకులు తిరిగి కొనే పథకం పెడుతోందని మొన్న కారులో వార్తల్లో విన్నాను. పక్క సీట్లో మా అమ్మాయి అమూల్య ఉంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా ఇంట్లోనూ ఒక తుపాకీ ఉండేది. తెలుగువాళ్ల ఇంట్లో, అదీ మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో, తుపాకీ ఏమిటని అడక్కండి. ఎక్కడుండేదో వింటే ఇంకా నోరు తెరుస్తారు. దేవుడి మందిరంలో, లక్ష్మీదేవి పటం పక్కన. ఏటా దసరాకి దానికి పసుపూ కుంకుమా పెట్టి, హారతిచ్చి, కళ్లకద్దుకునేవాళ్లం.

మామయ్య ఇప్పుడు లేరు కాబట్టి చెబుతున్నాను. ఉంటే, "రోగి గుట్టు నీకెందుకమ్మాయ్?" అని ఒక్క మాటతో నా నోరు మూయించేవారు.

మా మామగారు డాక్టర్ ద్వారకానాథ్ బందరు మనిషి. డెబ్భై నాలుగులో ఈ దేశం వచ్చి, మెల్‌బోర్న్‌కి నాలుగు గంటల దూరంలో, గోధుమ పొలాల మధ్య ఒక చిన్న ఊళ్లో నలభై ఏళ్లు వైద్యం చేశారు. ఆ ఊరంతటికీ ఆయనొక్కరే డాక్టరు. ఆయన గురించి మా ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునే కథ ఒకటుంది. మా ఆయన వివేక్ యూనివర్సిటీలో చదివే రోజుల్లో ఒక పరీక్ష ఎగ్గొట్టి, మర్నాడు ఇంటికొచ్చి, నిన్న జ్వరం వచ్చిందని సర్టిఫికెట్ రాసిమ్మన్నాడట. "నిన్న నిన్ను నేను చూళ్లేదు. ఇవాళ చూశాను. ఇవాళ నీకు జ్వరం లేదు" అని, ఆ రోజు తారీఖు వేసి, సరిగ్గా అదే రాసిచ్చారట. వివేక్‌కి ఆ సబ్జెక్టు పోయింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఈ కథ చెప్పినప్పుడల్లా తండ్రి నవ్వేవారు, కొడుకు నవ్వేవాడు కాదు.

అత్తయ్య శేషుకుమారి పోయాక ఆ ఊళ్లో ఇల్లు అమ్మేసి ఆయన్ని మా ఇంటికి తీసుకొచ్చాం. ఎనభై రెండేళ్ల మనిషి వెంట వచ్చిన సామాను ఒక సూట్‌కేసు, ఒక స్టెతస్కోపు, బీపీ చూసే పాత పాదరసం పెట్టె, అత్తయ్య చెక్క మందిరం. మందిరంతో పాటు ఒక పసుపు గుడ్డ మూట. జానెడు పొడవుంటుంది, పొడవుకి మించిన బరువు. అత్తయ్య ఉన్న రోజుల్లో దసరాకి మేం ఆ ఊరు వెళ్లినప్పుడు, స్టెతస్కోపు పక్కనే దాన్నీ పెట్టి బొట్టు పెట్టేవారు. పెళ్లైన కొత్తలో ఏమిటని అడిగాను. "మీ మామయ్య వృత్తి సామాను. విప్పకూడదు" అన్నారు. ఆపరేషన్ కత్తులేమో అనుకున్నాను. అత్తగారి మూటలు విప్పిన కోడళ్ల గతి నాకు తెలుసు, నేనెప్పుడూ ఆ పని చెయ్యలేదు.

సెప్టెంబరులో అత్తయ్య సంవత్సరీకం అయింది. అయిన నాలుగో రోజు శుక్రవారం, పంతొమ్మిదో తారీఖు. నేను డ్యూటీకి బయల్దేరుతూ బ్యాడ్జీ వెతుక్కుంటున్నాను. ఎప్పుడూ మేడ ఎక్కని మామయ్య మా గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతిలో ఆ పసుపు మూట. దాని మీద మడిచిన కాగితం.

"అమ్మాయ్ వైశాలీ, ఇది నీ అలమరాలో పెట్టుకో."

"దేవుడి దగ్గరది కదా మామయ్యా?"

"నీ దగ్గరుండనీ. తాళం వేసే అరలో పెట్టు. నేను అడిగినా ఇవ్వకూడదు."

"మీ సామాను మీకివ్వకుండా నేనేం చేసుకుంటానూ?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "ఆ కాగితం చదివి, సంతకం పెట్టి నాకియ్యి."

"సాయంత్రం చూస్తాను మామయ్యా, లేటైపోతోంది" అంటూ మూటా కాగితమూ అలమరాలో పెట్టాను.

"సరే" అని తలూపి, మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారు.

సాయంత్రం అలమరా తెరిస్తే నా మనసు ఒప్పుకోలేదు. కింద చెప్పుల పెట్టెలు, పక్కన విడిచిన బట్టలు, మధ్యలో అత్తయ్య అన్నేళ్లు బొట్టు పెట్టిన మూట. సంవత్సరీకంతో మనసు చెదిరి, అత్తయ్య వస్తువులు ఒక్కొక్కటీ వదిలించుకుంటున్నారు పాపం అనుకున్నాను. మర్నాడు పొద్దున తలస్నానం చేసి, మూట తీసుకెళ్లి మందిరంలో దాని చోట దాన్ని పెట్టేసి, చెంపలు వేసుకున్నాను. కాగితం దానాల జాబితా అయ్యుంటుంది, పురోహితుడు ఏవో మిగిలాయని అన్నాడు కదా అని, చదవకుండానే పంచాంగంలో దూర్చాను.

మామయ్య ఆ పొద్దున మందిరం ముందు చాలాసేపు నిలబడ్డారు. ఒకసారి నా వైపు చూశారు. తర్వాత కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయారు. పెద్దాయనకీ ఇదే సబబుగా తోచిందని నేను సంతోషించాను. నా తెలివి అలా ఏడ్చింది.

ఆ పది పన్నెండు రోజుల్లో ఆయన అన్నం సగం వదిలేసేవారు. కాఫీ గ్లాసు పెరట్లో కరివేపాకు కుండీ పక్కన నిండుగా, చల్లగా దొరికేది. సెప్టెంబరు ఇక్కడ వసంతమే అయినా చలిగాలి తగ్గదు, చలికి ఆకలి మందగించింది కాబోలనుకున్నాను.

ఆ ఏడు దసరా అక్టోబరు మొదట్లోనే వచ్చింది. పిల్లలకి బడి సెలవులు. మహర్నవమి రోజు డ్రైవ్‌వేలో రెండు కార్లకీ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, లోపల మందిరం ముందు పీట మీద ఆయుధాలు సర్దాం. మా ఇంటి ఆయుధాలంటే వివేక్ లాప్‌టాప్, నా స్టెతస్కోపు, మామయ్య స్టెతస్కోపు, అమూల్య వయొలిన్, కిందటేడు కొన్న డ్రిల్లింగ్ మెషీన్. మూట తెచ్చే పని అమూల్యకి చెప్పాను. దానికి పదిహేనేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

"అమ్మా, వై ఈజ్ దిస్ సో హెవీ?" అంటూ ఒంటిచేత్తో ఎత్తింది. పాత గుడ్డ, ముడి దగ్గర చినిగి జారింది. లోపల ఇంకో గుడ్డ, గిన్నెలు తుడుచుకునే టీ టవల్, దాని మీద వెలిసిపోయిన చిలకల బొమ్మలు. అదీ జారింది.

నల్లగా, చెక్క పిడితో, బొట్టు లేకుండా ఉంది అది.

"తల్లీ, కింద పెట్టు. మెల్లిగా. దాన్లో తూటాలున్నాయి." మామయ్య గొంతు. అమూల్య పీట మీద పెట్టి వెనక్కి జరిగి నన్ను పట్టుకుంది.

వివేక్ పీట దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "నాన్నా, వాట్ ఈజ్ దిస్? ఈజ్ దిస్ రియల్?"

"నిజమైందే. జపాన్ వాళ్లది. న్యూగినీలో వాళ్లతో యుద్ధం చేసి వస్తూ లెస్ తెచ్చుకున్నాడు."

"లెస్ ఎవరు?"

"నా పేషెంటు. లెస్ కార్మడీ. దాచమని నాకిచ్చాడు. డెబ్భై ఎనిమిదిలో."

"ఎందుకు?"

"అది అతనికీ నాకూ మధ్య."

"నాన్నా, బతికుంటే ఆయనకిప్పుడు నూరేళ్లు దాటతాయి. హీ ఈజ్ డెడ్!"

"చచ్చిపోతే పేషెంటు కాకుండా పోతాడా?"

వివేక్ తల పట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. అతని భయం నాకు తెలుసు. వాళ్ల కంపెనీ రక్షణ శాఖకి పని చేస్తుంది. అతనికి సెక్యూరిటీ క్లియరెన్స్ ఉంది, దాని మీదే ఉద్యోగం నడుస్తోంది. రిజిస్టర్ చెయ్యని పిస్టల్ ఇంట్లో దొరికితే మామయ్య మీద కేసు, ఇంటి యజమానిగా తన మీద కేసు, ఆపైన ఉద్యోగం గోవిందా.

"తొంభై ఆరులో దేశమంతా తుపాకులు తిరిగి కొన్నారు కదా నాన్నా. మన ఊళ్లో షోగ్రౌండ్స్ మైదానంలో బల్లలేసుకుని, లారీకెత్తారు. ఐ రిమెంబర్ దట్. అప్పుడైనా ఇచ్చేయాల్సింది."

"ఆ బల్ల దగ్గర రాసుకుంటున్న కానిస్టేబుల్ లెస్ మేనల్లుడు. ఎవరిదని అడిగితే ఏం చెప్పమంటావ్? సాయంత్రానికి ఊరంతా పాకేది."

"రెండువేల మూడులో మళ్లీ కొన్నారు. పిస్టల్సే."

"అప్పటికి లెస్ పోయాడు. అతన్ని అడక్కుండా ఎలా ఇస్తాను?"

ఇంకో రోజైతే నవ్వేదాన్ని. వివేక్ గ్యారేజీలోకి వెళ్లి లాయరు స్నేహితుడు విజయభాస్కర్‌కి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను.

"కంగారు పడకు గురూ. ఇలాంటివి ఇక్కడ పాత ఇళ్లల్లో బోలెడు దొరుకుతుంటాయి. తాతలు యుద్ధం నుంచి తెచ్చినవి. ఇప్పుడు ఆమ్నెస్టీ ఎప్పుడూ ఉంటుంది. మనంతట మనం అప్పగిస్తే కేసుండదు, పేరు కూడా చెప్పక్కర్లేదు. ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి, చుట్టి, డిక్కీలో పెట్టుకుని నేరుగా వెళ్లండి. కానీ ఒకటి. నువ్వివ్వకముందే వాళ్లొచ్చి పట్టుకుంటే అది ఆమ్నెస్టీ కాదు, నేరం. ఆ ముసలాయన వారసులున్నారని వాళ్ల చేతికివ్వడం కూడా నేరమే."

వెంటనే ఇచ్చేద్దామన్నాడు వివేక్. మామయ్య ఒప్పుకోలేదు. లెస్ కూతురు రోస్లిన్ బెండిగోలో ఉంది, ఆమెని ఒక్క మాట అడగకుండా ఇవ్వనన్నారు. తండ్రీకొడుకుల మధ్య నేను రెండు వారాల గడువు ఖాయం చేశాను. అంతవరకూ గ్యారేజీలో పనిముట్ల ఇనప బీరువాలో పెట్టి తాళం వేస్తానన్నాడు వివేక్. మందిరంలోంచి తియ్యడానికి వీల్లేదని మామయ్య గొడవ చేస్తారనుకున్నాను. చెయ్యలేదు.

"మంచి పని. తాళం చెవి నీ జేబులోనే ఉంచుకో. ఎక్కడ పెడతావో నాకు చెప్పకు" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన పులిహోర రెండోసారి వేయించుకున్నారు. గుట్టు బయటపడి గుండె తేలికైంది కాబోలని వివేక్‌తో అన్నాను కూడా.

రోస్లిన్ పదకొండో తారీఖు, శనివారం వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, తనే కారు నడుపుకుంటూ, తను చేసిన స్కోన్స్ బన్నుల డబ్బాతో. గుమ్మంలోనే మామయ్యని కావలించుకుని "డాక్, డాక్" అంది. మామయ్య ఆమె వీపు తట్టి, "నీ మోకాలు ఎలా ఉంది?" అని అడిగారు. ముప్పై ఏళ్ల కిందటి మోకాలు.

టీ పెట్టాను. వివేక్ సంగతంతా చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టింది. మందుల చీటీ కాగితం, పైన మామయ్య పేరు అచ్చులో ఉంది.

"నాన్న పోయాక ఆయన పర్సులో దొరికింది. ఇరవై ఏళ్లు జేబులో పెట్టుకు తిరిగాడు" అంది.

మామయ్య కోడిగీతల ఇంగ్లీషు చదవడం నాకు అలవాటే. *ఎల్. కార్మడీ నుంచి ఒక పార్సెల్ అందింది. అతను స్వయంగా అడిగినా తిరిగి ఇవ్వకూడదు.* కింద సంతకం, 1978 జూలై తారీఖు.

"పార్సెల్ ఏమిటో నాకు తెలుసు డాక్. పోయే వారంలో నాన్నే చెప్పాడు. నువ్వు చెప్పక్కర్లేదు, నేనే చెబుతాను" అంది రోస్లిన్. మామయ్య స్కోన్‌కి వెన్న రాస్తూ ఉండిపోయారు.

యుద్ధం నుంచి వచ్చిన ముప్పై ఏళ్లకి కూడా లెస్‌కి నిద్ర ఉండేది కాదట. వరసగా మూడేళ్లు వానల్లేని కాలంలో అది మరీ ముదిరింది. ఒకరోజు పొలం నుంచి నేరుగా క్లినిక్‌కి వచ్చి, భార్య టీ టవల్‌లో చుట్టిన పిస్టల్ డాక్టరు బల్ల మీద పెట్టి, "నా మీద నాకు నమ్మకం లేదు. ఇది నీ దగ్గర పెట్టు. అడిగినా ఇవ్వకు" అన్నాడట. అప్పటినుంచి నెలనెలా మొదటి గురువారం వచ్చేవాడు. బీపీ చూపించుకోడానికని భార్య అనుకునేది. "ఇంకా ఉందా, డాక్?" "ఉంది." అంతే, ఆ ఇద్దరి మాటలూ. ఒక్కసారి మాత్రం తెల్లవారకుండానే వచ్చి తలుపు బాది, ఇచ్చెయ్యమని డాక్టరు చొక్కా పట్టుకున్నాడట.

"నీ భార్య లోపల్నుంచి వచ్చి, కూర్చోబెట్టి, ఏదో పెట్టిందట. ఉప్పగా, ఆవాలతో. జీవితంలో అంత రుచైంది తినలేదని నాన్న అనేవాడు" అంది రోస్లిన్, కళ్లు తుడుచుకుని నవ్వుతూ.

"ఉప్మా" అన్నారు మామయ్య. ఆ మధ్యాహ్నం ఆయన నోటి నుంచి లెస్ గురించి వచ్చిన మాట అదొక్కటే.

"ఇంక ఇచ్చెయ్ డాక్. నాన్న కోసం దాచాల్సిన పని లేదిప్పుడు."

నేను ఆ చీటీ మళ్లీ చదువుతున్నాను. స్వయంగా అడిగినా తిరిగి ఇవ్వకూడదు. ఈ మాట ఎవరో నాతో అన్నారు. ఎవరు? మా గది గుమ్మంలో, బ్యాడ్జీ వెతుక్కుంటుంటే.

తలెత్తి మామయ్యని చూశాను. ఆయన నావైపు చూడలేదు. స్కోన్ మీద వెన్న రాసిన చోటే మళ్లీ రాస్తున్నారు.

టీ మళ్లీ పెడతానని వంటింట్లోకి వెళ్లి సింకు పట్టుకుని నిలబడ్డాను. నేను నర్సుని. వృద్ధుల హోమ్‌లో పని. కొత్తగా చేరిన ప్రతి పెద్దవాళ్లనీ కూర్చోబెట్టి పది ప్రశ్నలు అడగడం నా డ్యూటీ. నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా, బతికి ఏం లాభం అనిపిస్తోందా. మెత్తగా, తొందరపెట్టకుండా, కళ్లలోకి చూస్తూ అడగాలని కొత్త నర్సులకి నేర్పేది కూడా నేనే. మా ఇంట్లో పెద్దాయన్ని ఆ పదిలో ఒక్కటీ అడగలేదు. దీపం కింద చీకటి అంటారే, అది నేను.

మంగళవారం మధ్యాహ్నానికి స్టేషన్‌లో సమయం ఇచ్చారు. వివేక్ రానన్నాడు. క్లియరెన్స్ ఉన్నవాడు అక్కడ కనబడితే ఏమవుతుందోనని భయం. నాకూ అదే కావలసింది. డిక్కీలో పిస్టల్, పక్కన మామయ్య, ఇస్త్రీ చొక్కా, కోటు. ఆయన పేషెంటుని చూడ్డానికి వెళ్లేటప్పుడు వేసుకునే కోటు.

కౌంటర్లో ఉన్న పోలీసు అమ్మాయికి పాతికేళ్లుంటాయి. చేతికి తొడుగులు వేసుకుని పిస్టల్ అందుకుని, పక్క గదిలో ఒక పెద్ద ఆఫీసరు చేతికి ఇచ్చింది. ఆయన అటూ ఇటూ తిప్పి, పిడిలోంచి తూటాల అర ఊడదీసి, రెండు తూటాలు ట్రేలో పెట్టాడు.

"ఎనభై ఏళ్లదైనా శుభ్రంగా పనిచేస్తుంది. బాగా దాచారు" అన్నాడు మెచ్చుకుంటున్నట్టు.

"ఎవరిదని అడగరా?" అన్నారు మామయ్య.

"అడగం సార్. మీ పేరు కూడా చెప్పక్కర్లేదు" అంది పోలీసు అమ్మాయి.

మామయ్య ఆ అమ్మాయి వైపు తిరిగారు. "మంచి పద్ధతి" అన్నారు. నలభై ఏడేళ్లు ఆయన ఎదురుచూసింది ఆ ప్రశ్న అడగని బల్ల కోసం. కరిగించేస్తామని ఆమె చెప్పింది. ఆయన తలూపి, టీ టవల్ మాత్రం ఇప్పించమని అడిగారు. లెస్ భార్యది, రోస్లిన్‌కి పంపాలన్నారు. ఆ అమ్మాయి మడతపెట్టి మరీ ఇచ్చింది.

కార్లో కూర్చున్నాక తాళం తిప్పబుద్ధి కాలేదు.

"మామయ్యా, ఆ మూట నేను మందిరంలో పెట్టేశాను."

"చూశాను."

"చూసి ఏమనుకున్నారు?"

"కాగితం చదివావనుకున్నా. చదివి, నీవల్ల కాదని తిరిగిచ్చేశావనుకున్నా." ఆయన ఒళ్లో టీ టవల్ సర్దుకున్నారు. "తప్పేం లేదమ్మాయ్. అందరూ పుచ్చుకోలేరు అలాంటివి."

నేను చదవలేదని చెప్పాను. దానాల జాబితా అనుకున్నానని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"తర్వాత... మళ్లీ దాని దగ్గరికి వెళ్లారా?"

ఆయన అద్దంలోంచి బయటికి చూస్తూ ఉన్నారు. "రెండుసార్లు. మూడింటికో, నాలుగింటికో. మందిరం ముందు కూర్చున్నాను."

"మరి?"

"స్నానం చెయ్యలేదు కదమ్మా."

నాకు అర్థం కాలేదు.

"స్నానం చెయ్యకుండా దేవుడి దగ్గరది ఎలా ముట్టుకుంటాను? మీ అత్తయ్య ఊరుకుంటుందా? నీళ్లు తిప్పితే ఆ పైపుల చప్పుడుకి పైన మీరంతా లేస్తారు. సరే తెల్లారనీ, స్నానం చేశాక చూద్దామనుకున్నా. తెల్లారితే నువ్వు దిగొచ్చి కాఫీ పెట్టేదానివి." సీటు బెల్టు పెట్టుకుంటూ అన్నారు. "మొదట్లో దాన్ని మందిరంలో పెట్టమంది మీ అత్తయ్యే. బీరువాలో వద్దు, దేవుడి దగ్గరైతే ఎవరూ ఊరికే ముట్టుకోరు అంది."

నేను నవ్వాను. ఆ నవ్వే ఏడుపైంది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఆయన చెయ్యి నా తల మీద పెట్టి, నాడి చూస్తున్నవాడిలా కదలకుండా కూర్చున్నారు.

నువ్వు చేసిన పొరపాటే నాన్నని కాపాడిందని వివేక్ అంటాడు. నేనొప్పుకోను. తాళం వేసిన అరలో పెట్టి ఉంటే ఆయన ఆ రెండు రోజులూ లేచి వచ్చేవారే కాదు. ఆయన వెలగని దీపం ముందు ఒంటరిగా కూర్చున్నారు. నేను పైన దుప్పటి కప్పుకుని నిద్రపోయాను. ఆ రెండు తెల్లవారుజాములూ నేను పోయేదాకా నాతోనే ఉంటాయి.

మర్నాడే మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మందులు మొదలుపెట్టారు, మాట్లాడేందుకు ఒక మనిషిని కుదిర్చారు. ఇంట్లో మాత్రం రోజూ పొద్దున కాఫీ ఇస్తూ నేనే అడిగేదాన్ని, "రాత్రి ఎలా గడిచింది మామయ్యా?" అని. బాగాలేని రోజున బాగాలేదనే చెప్పేవారు. నేను పక్కన కూర్చునేదాన్ని, డ్యూటీకి లేటైతే లేటైంది. ఆ తర్వాత ఎనిమిది నెలలున్నారు. ఈ జూన్‌లో న్యుమోనియా వచ్చి, ఆసుపత్రి మంచం మీద, వివేక్ చెయ్యి పట్టుకుని పోయారు. అలా పోయినందుకు నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నానంటే మీరు తప్పు పట్టరనుకుంటాను.

కానీ నేను చెప్పాల్సింది ఆ మంగళవారం సాయంత్రం గురించి. స్టేషన్ నుంచి ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా పంచాంగం తీశాను. కాగితం ఉంది. మందుల చీటీ, పైన ఆయన పేరు అచ్చులో. *డాక్టర్ ద్వారకానాథ్ నుంచి ఒక పార్సెల్ అందింది. అతను స్వయంగా అడిగినా తిరిగి ఇవ్వకూడదు.* కింద సంతకానికి గీత. తారీఖుకి గీత. రెండూ ఖాళీ.

పెన్ను తీసుకుని పెరట్లోకి వెళ్లాను. ఆయన కరివేపాకు కుండీ పక్కన కుర్చీలో ఉన్నారు, ఇంకా కోటు తియ్యలేదు. నా చేతిలో కాగితం చూసి, "ఇంకెందుకమ్మాయ్? పార్సెల్ లేదు కదా" అన్నారు.

"లేకపోయినా పెడతాను."

కుర్చీ చేతి మీద కాగితం ఆన్చి సంతకం పెట్టి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, నలభై ఏళ్లు కాగితాలు చూసిన మనిషి చూసినట్టు చూశారు.

"తారీఖు వెయ్యలేదు."

తిరిగి తీసుకుని అక్టోబరు పద్నాలుగు అని వెయ్యబోయాను. పెన్ను కాగితానికి తగలకముందే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"సెప్టెంబరు పంతొమ్మిది వెయ్యి" అన్నారు.

నేను ఆయన ముఖంలోకి చూశాను. కన్నకొడుక్కి ఒక్క రోజు వెనక్కి వెయ్యని మనిషి, నాకు ఇరవై ఐదు రోజులు వెనక్కి, మూట నా చేతికిచ్చిన రోజుకి వెయ్యమంటున్నారు. పంతొమ్మిది అని వేశాను.